ముందు బ్రేక్ ప్యాడ్ల మార్పిడి
కారు ముందు చక్రాల డిస్క్ బ్రేకుల్లో అరిగిన ప్యాడ్లను తీసి కొత్తవి అమర్చే పనిని ముందు బ్రేక్ ప్యాడ్ల మార్పిడి అంటారు. డిస్క్ బ్రేకుకు ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లో పేటెంటు పొందాడు. 1955లో వచ్చిన సిట్రోయెన్ డీఎస్ కారు ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులే ఉండేవి. బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు మళ్లుతుంది కనుక సాధారణంగా ముందు ప్యాడ్లే త్వరగా అరుగుతాయి. రాపిడి పొర మందం సుమారు 3 మిల్లీమీటర్లకు తగ్గితే మార్చడం మేలు.

జాకీతో ఎత్తిన కారును స్టాండ్లపై నిలిపి, చక్రం విప్పి, ప్యాడ్లను డిస్కుకు అదిమే క్యాలిపర్ బోల్టు తీసి, అందులోని పిస్టన్‌ను నెమ్మదిగా వెనక్కి నొక్కుతారు. అప్పుడు బ్రేక్ ఆయిల్ డబ్బాలో ఆయిల్ మట్టం పెరుగుతుంది. క్యాలిపర్‌ను దాని బ్రేక్ ఆయిల్ గొట్టానికి వేలాడనివ్వరాదు. కుడి, ఎడమ చక్రాల ప్యాడ్లను ఒకేసారి మారుస్తారు. పాత ప్యాడ్ల ధూళిలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు కనుక దాన్ని గాలితో ఊదకూడదు. చివరగా బ్రేక్ పెడల్ గట్టిపడేదాకా పలుమార్లు తొక్కిన తర్వాతే కారును కదపాలి.