వేలిముద్ర ఉంది, ఫిర్యాదు లేదు

కాగితాల్లో మన చరిత్ర గురించి రాస్తున్న ఈ వరుసలో గతసారి భూముల గురించి చెప్పుకున్నాం. ఈసారి బిడ్డల గురించి.

మొయినాబాద్ దాటి మర్రిచెట్ల రోడ్డు మీద పోతే చేవెళ్ల. అక్కడ ఒక లంబాడా అక్క నాతో అన్నమాట ఇది: "అన్నా, ఏలు పెట్టమన్నరు, పెట్టిన. అండ్ల ఏం రాసిన్రో ఎవ్వరూ సదివి చెప్పలే." మూడో కాన్పు, మూడో ఆడపిల్ల. బిడ్డను అప్పజెప్పి నెల దాటింది. మనసు ఒప్పక తిరిగి అడగబోతే "సంతకమైపోయింది కదా, ఇంకేముంది" అని పంపేశారట.

నిజంగా ఇంకేమీ లేదా? దీనికి జవాబు కావాలంటే నలభై ఏళ్లు వెనక్కి పోవాలి.

1982లో లక్ష్మీకాంత్ పాండే అనే న్యాయవాది సుప్రీంకోర్టుకు ఒక ఉత్తరం రాశారు. మన దేశపు పిల్లల్ని విదేశీయులకు దత్తత ఇచ్చే సంస్థల అక్రమాల మీద ఫిర్యాదు అది. కోర్టు ఆ ఉత్తరాన్నే రిట్ పిటిషన్‌గా తీసుకుంది. 1984 ఫిబ్రవరి 6న జస్టిస్ భగవతి తీర్పు చెప్పారు. దత్తతకు దేశంలో మొదటిసారి గట్టి నియమాలు వచ్చాయి. 1990లో కేంద్ర దత్తత సంస్థ 'కారా' ఏర్పడింది. ఒక్క ఉత్తరం ఇంత పని చేసింది. అయితే ఆ ఉత్తరం రాసింది చదువుకున్న వకీలు. తండాలో తల్లి చేతిలో ఉన్నది వేలిముద్ర ఒక్కటే.

ఆ తేడా 1999లో, మళ్లీ 2001లో బయటపడింది. రంగారెడ్డి, నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల తండాల నుంచి లంబాడా ఆడపిల్లల్ని దళారులు కొద్దిపాటి డబ్బుకు కొని హైదరాబాద్ హోమ్‌లకు చేర్చారు. అక్కడి నుంచి విదేశాలకు. అరెస్టులు జరిగాయి. గీతా రామస్వామి లాంటి వాళ్లు తండాలు తిరిగి, తల్లులతో మాట్లాడి, ఈ సంగతి లోకానికి చెప్పారు. పేదరికం పేరుతో, ఆడపిల్ల అనే సాకుతో బిడ్డల్ని రాయించుకోవడాన్ని 2001లో ప్రభుత్వం నిషేధించాల్సి వచ్చింది.

గమనించండి. ఆ హోమ్‌లలో కాగితం లేక కాదు. కాగితం ఉంది, దాని మీద తల్లి వేలిముద్ర కూడా ఉంది. లేనిదల్లా ఆమె మాట.

అమెరికాలో డేవిడ్ స్మోలిన్ అనే లా ప్రొఫెసర్ కుటుంబం 1998లో మన రాష్ట్రం నుంచి ఇద్దరు అక్కాచెల్లెళ్లను దత్తత తీసుకుంది. తల్లి తమను వదులుకోలేదని ఆ పిల్లలే చెప్పారు. చట్టం చదివిన మనిషికే ఆ తల్లిని కలుసుకోవడానికి ఏళ్లు పట్టింది. దొంగిలించిన బిడ్డను కాగితాలతో 'అనాథ'గా మార్చే ఈ పద్ధతి మీద ఆయన తర్వాత విస్తారంగా రాశారు. మరి మన అక్కకు ఎన్నేళ్లు పట్టాలి?

ఇప్పటి చట్టం సంగతి. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 35వ సెక్షన్ ప్రకారం బిడ్డను అప్పగించే పత్రం బాలల సంక్షేమ సమితి ముందే రాయాలి. అంతకుముందు తల్లిదండ్రులతో మాట్లాడి కౌన్సెలింగ్ ఇవ్వాలి. ఆ తర్వాత మనసు మార్చుకోవడానికి రెండు నెలల గడువు ఉంటుంది. అంటే నెల దాటిన అక్కకు "అయిపోయింది" అని చెప్పడం అబద్ధం. సమితి పనితీరు మీద ఫిర్యాదు వినాల్సింది కలెక్టర్ అని 27వ సెక్షన్ చెబుతుంది. 2021 సవరణ దత్తత ఉత్తర్వులిచ్చే అధికారాన్ని కూడా కోర్టుల నుంచి తీసి కలెక్టర్‌కే ఇచ్చింది. ఉత్తర్వు ఇచ్చే చెయ్యీ, ఫిర్యాదు అందుకునే చెయ్యీ ఒకటే అయ్యాయి. అందుకే మన కాగితం మరింత గట్టిగా ఉండాలి.

రంగారెడ్డి కలెక్టరేట్ ఇప్పుడు కొంగరకలాన్‌లో ఉంది. నగరానికి ఈ పక్క చేవెళ్ల, ఆ పక్క కొంగరకలాన్. బస్సులు మారి పోవాలంటే ఒకరోజు కూలి పోయినట్టే. అయినా పోవాలి. సోమవారం ప్రజావాణిలో తెలుగులోనే రాసి ఇవ్వండి. బిడ్డను ఏ తేదీన అప్పగించారు, ఎవరి ముందు, పత్రం మీకు అర్థమయ్యే భాషలో చదివి చెప్పారా లేదా, నకలు ఇచ్చారా లేదా, ఇప్పుడు మీరు ఏం కోరుతున్నారు: ఇవి చాలు. రెండు ప్రతులు తీసుకుపోండి. ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకోకుండా మెట్లు దిగొద్దు.

పేదరికం తల్లి చేసిన తప్పు కాదు. గడువు ఉందని చెప్పకపోవడం మాత్రం తప్పే, అది చెప్పాల్సిన వాళ్లది.

ఆ అక్క ఫిర్యాదు నేను రాశాను. చివర ఆమె మళ్లీ వేలిముద్రే వేసింది. ఈసారి మాత్రం వేసే ముందు మొత్తం చదివించుకుంది.

జై భీమ్.