జెనీవా ఒడంబడిక, మిర్చి కూలి

1951 జూన్‌లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ 99వ ఒడంబడికను ఆమోదించింది. వ్యవసాయ కూలీలకు కనీస వేతనం నిర్ణయించే ఏర్పాటు ఉండాలి, నిర్ణయించేముందు కూలీల సంఘాలను అడగాలి, తక్కువ ముట్టినవాడికి బాకీ రాబట్టుకునే హక్కు ఉండాలి అన్నది దాని సారం. అదే ఏడాది అక్టోబరులో తెలంగాణ సాయుధ పోరాట విరమణ జరిగింది. వెట్టి పోవాలి, కూలి పెరగాలి అని మొదలైన ఆ పోరు, పోలీసు చర్య తర్వాత పాల్వంచ, ఇల్లెందు అడవుల్లోకి చేరి అక్కడే చివరి రోజులు గడిపింది.

ఆ అడవిలో కూలి లెక్క ఎలా ఉండేదో మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ ముందే రాసిపెట్టాడు. 1941లో గోదావరి ఒడ్డున కొండరెడ్ల మధ్య తిరిగి, 1945లో వారి మీద పుస్తకం అచ్చువేశాడు. వెదురు నరికించే వ్యాపారులు అప్పు పేరుతో రెడ్లను ఎలా కట్టిపడేశారో అందులో ఉంది. అప్పు తీరేదాకా పని, పని ఉన్నంతకాలం అప్పు! అక్కడ కూలి రేటు ఎంతన్న ప్రశ్నకే అర్థం లేదు.

మన కనీస వేతనాల చట్టం జెనీవా కన్నా మూడేళ్లు ముందే, 1948లో వచ్చింది. వ్యవసాయాన్ని షెడ్యూలు రెండో భాగంలో చేర్చి, రేట్లను అయిదేళ్లకు మించకుండా సవరించాలంది. 1976 నాటి వెట్టి నిర్మూలన చట్టమైతే వెట్టి, పాలేరు, భగేలా పద్ధతులను పేరుపేరునా చెప్పి నిషేధించింది. కనీస వేతనం కన్నా తక్కువకు పనిచేయించుకోవడం కూడా నిర్బంధ చాకిరీయేనని 1982లో సుప్రీంకోర్టు తేల్చింది. కాగితం మీద ఇంతకన్నా ఏం కావాలి?

కావలసింది ఒకటుంది. కనీస వేతనాల మీద 1928లో వచ్చిన 26వ ఒడంబడికను భారత్ 1955లో ధ్రువీకరించింది. అది పరిశ్రమలకు, వర్తకానికి. పొలానికి సంబంధించిన 99వ దాన్ని మాత్రం ఇప్పటికీ ధ్రువీకరించలేదు. ధ్రువీకరించిన దేశం అమలు గురించి జెనీవాకు నివేదిక ఇచ్చుకోవాలి. చట్టం ఉంది కదా, సంతకంతో పనేముంది అనేవారు ఈ సంగతి మరిచిపోతారు.

జెనీవా మాట అటుంచితే, ఈ గోదావరి అడవుల్లో కూలి రేటు పెరిగిందంటే చాలావరకు సమ్మెతోనే. తునికాకు సంగతే చూడండి. 1971 చట్టంతో వ్యాపారం ప్రభుత్వం చేతికి వచ్చినా, 50 ఆకుల కట్టకు ఎంతన్నది వేసవి ముఖాన పోట్లాటగానే ఉండేది. వామపక్ష సంఘాలు, నక్సలైట్ దళాలు రేటు తేలేదాకా కోత ఆపించిన ఏళ్లున్నాయి. ఎండలో ఆకు కోసి, ఇంటిల్లిపాదీ కట్టలు కట్టి, సాయంత్రానికి కల్లంలో అప్పజెబితే వచ్చేది కట్టల లెక్కే, పనిగంటల లెక్క కాదు. కట్టలు కట్టిన పిల్లల చేతులు ఏ మస్టరులోనూ ఉండవు.

మిర్చి తోటల్లో ఆ పోట్లాట కూడా లేదు. ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా, బీజాపూర్ నుంచి కోతలకు వచ్చే గుత్తికోయలకు ఊరు కొత్త, తెలుగు అంతంతమాత్రం, సంఘం లేదు. బేరం ముఠా మేస్త్రీతో ముగుస్తుంది. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వేళ ములుగు జిల్లా మిర్చి తోటల నుంచి బీజాపూర్‌కు నడుస్తూ పన్నెండేళ్ల బాలిక ఇల్లు చేరకముందే చనిపోయింది. ఆ వయసు పిల్ల కోతకు ఎందుకొచ్చిందన్న ప్రశ్న కన్నా, నడిచి ఎందుకెళ్లిందన్నదే ఎక్కువగా వినిపించింది.

1948 నాటి పాత చట్టంలో బాకీ కూలి కోసం ఆరు నెలల్లో దరఖాస్తు పెట్టాల్సి ఉండేది. కోతలు ముగియగానే సరిహద్దు దాటిపోయే మనిషికి అది లేనట్టే. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ఆ గడువును మూడేళ్లకు పెంచింది. మంచిదే. కార్మిక శాఖ ఇంకో పని చెయ్యాలి: వచ్చే కోతల నాటికి చర్ల, దుమ్ముగూడెం, వెంకటాపురం తోటల దగ్గర ఆ ఏటి కూలి రేటును కోయ భాషలో బోర్డు రాసి పెట్టించాలి, ఫిర్యాదును కూడా ఆ భాషలోనే తీసుకోవాలి.