పంటి రంగు సిమెంటు

మా అమ్మమ్మ తరం ఆడవాళ్ళు తాంబూలంతో ఎర్రబడి, గారపట్టిన పళ్ళతోనే నోరారా నవ్వేవాళ్ళు. జపాన్‌లోనైతే పెళ్ళయిన స్త్రీలు పళ్ళకి నల్లరంగు వేసుకోవడం మర్యాద. 1873లో అక్కడి మహారాణి తెల్లటి పళ్ళతో కనిపించాక ఆ ఆచారం వెనకబడింది. ఆడదాని నోట్లో ఏ రంగు ఉండాలన్నది ఎప్పుడూ ఎవరో ఒకరు నిర్ణయిస్తూనే ఉన్నారన్నమాట.

పుచ్చిన పన్నుకి చాలాకాలం పెట్టింది పాదరసం, వెండి, తగరం కలిసిన అమాల్గం. గట్టిదే, చవకే, కానీ నల్లగా కనిపిస్తుంది. పైగా పంటికి దానంతటది అతుక్కోదు. అది జారిపోకుండా బాగున్న పన్నునీ తొలిచి గుంట చెయ్యాలి. ముందుపళ్ళకి వాడిన సిలికేట్ సిమెంటేమో లాలాజలానికి కరిగిపోయేది. 1955లో అమెరికాలో మైకేల్ బ్యూనొకోర్, పంటి పైపొరని ఫాస్ఫారిక్ ఆమ్లంతో గరుకు చేస్తే ప్లాస్టిక్ లాంటి రెజిన్ దాన్ని పట్టుకుంటుందని చూపించాడు. రఫాయెల్ బోవెన్ కొత్త రెజిన్‌లో సిలికా పొడి కలిపి 1962లో పేటెంటు పొందాడు. ఇవాళ నీలికాంతి పెట్టి గట్టిపరిచే కాంపోజిట్ అక్కణ్ణుంచి వచ్చిందే. నా మట్టుకు ఇందులో గొప్ప సంగతి అందం కాదు, పన్నుని తక్కువ తొలవడం.

నాకు ఫిల్లింగు చేసిన డాక్టరమ్మ నా పెదవి దగ్గర చిన్నచిన్న పంటి నమూనాలు పెట్టి రంగు పోల్చింది. జర్మనీ కంపెనీ వీటా వారి పాత పట్టీలో అలాంటివి 16 ఛాయలు. గోధుమ, పసుపు, బూడిద జీరలున్నవే అన్నీ. సహజమైన పన్ను పాలతెలుపు కాదని ఆ పట్టీయే చెప్తోంది. మరి టీవీలో మెరిసే ఆ తెలుపుని సహజం అని మనకెవరు అమ్మారు?

ఈ ప్రశ్న ఫ్లోరైడ్ ఊళ్ళలో ఇంకా గుచ్చుకుంటుంది. నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో 1937లోనే డాక్టర్లు ఫ్లోరోసిస్‌ని గుర్తించి రాశారు. తర్వాత నల్గొండ పేరే దానికి గుర్తయింది. చిన్నప్పుడు పళ్ళు తయారయ్యే వేళ తాగిన నీళ్ళవల్ల పడే గోధుమ మచ్చలు, పెళ్ళిచూపుల్లో ఆ పిల్ల లోపంగా లెక్కకొస్తాయి. కాంపోజిట్ పూత ఆ మచ్చని కప్పగలదు, ఆ పిల్ల చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వగలదు. దాన్ని సోకు అని కొట్టిపారేయలేను. కానీ ఆ పూత ఖర్చు పిల్ల తండ్రి భరిస్తాడు. బోరుబావి నీళ్ళకి జవాబు చెప్పాల్సినవాళ్ళని మాత్రం పెళ్ళిచూపులకి ఎవరూ పిలవరు.