కొలబద్దకే పరీక్ష

అమెరికాలోని జార్జియా టెక్‌లో చదువుకునే రోజుల్లో జాయ్ బువోలమ్విని ఒక రోబోకు పసిపిల్లల ఆట నేర్పబోయారు. ముఖం దాచుకుని, మళ్ళీ చూపించి నవ్వించే ఆట. ఎదుటి మనిషి ముఖం కనబడితేనే రోబో ఆడుతుంది. ఈమె నల్లని ముఖం దానికి కనబడలేదు. తనతో గదిలో ఉండే అమ్మాయిని కూర్చోబెట్టి ఆ పూటకి పని కానిచ్చేశారు. తర్వాత ఎంఐటీ మీడియా ల్యాబ్‌లోనూ అదే తంతు. విసుగొచ్చి తెల్ల మాస్కు తగిలించుకుంటే, కెమెరా చటుక్కున పట్టేసింది. ప్రాణం లేని మాస్కు దాని లెక్కలో ముఖం, ప్రాణమున్న ముఖం కాదు!

మరి ముఖాలు గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ గురించి కంపెనీలు చెప్పుకునే గొప్పలన్నీ అబద్ధాలా? కావు. 2014లో ఫేస్‌బుక్ తన డీప్‌ఫేస్ సాఫ్ట్‌వేర్ 97.35 శాతం కచ్చితమని ప్రకటించింది. అది నిజమే. కాకపోతే ఆ పరీక్షకు వాడిన ఫొటోలు వార్తల్లోంచి ఏరినవి. వాటిలో 77 శాతానికి పైగా మగవాళ్ళు, 83 శాతానికి పైగా తెల్లవాళ్ళు. ప్రశ్నపత్రంలో అడగని పాఠం రాకపోతే మార్కులేం తగ్గుతాయి?

అందుకే బువోలమ్విని కొత్త ప్రశ్నపత్రం తయారుచేశారు. నా దృష్టిలో అసలు ఆవిష్కరణ ఇదే. నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ, ఆడా మగా దాదాపు సమపాళ్ళలో ఉన్న ఫొటోలు ఎక్కడ దొరుకుతాయి? పార్లమెంటుల్లో! రువాండా, సెనెగల్, దక్షిణాఫ్రికా ఒకవైపు. ఐస్‌లాండ్, ఫిన్లాండ్, స్వీడన్ ఇంకోవైపు. మిగతా దేశాలతో పోలిస్తే ఈ సభల్లో మహిళలు ఎక్కువ. రువాండా దిగువ సభలోనైతే సగానికి పైగా వాళ్ళే. అలా 1,270 మంది సభ్యుల ముఖాలు పోగయ్యాయి. చర్మవైద్యులు వాడే ఆరు ఛాయల ఫిట్జ్‌పాట్రిక్ కొలతతో వాటిని వర్గీకరించారు.

తోటి పరిశోధకురాలు టిమ్నిట్ గెబ్రూతో కలిసి 2018లో ప్రచురించిన ఆ అధ్యయనం పేరు 'జెండర్ షేడ్స్'. ఫొటోలో ఉన్నది ఆడా మగా అని చెప్పమంటే, మైక్రోసాఫ్ట్ మొత్తం మీద దాదాపు 94 శాతం సరిగ్గా చెప్పింది. భేషుగ్గానే ఉంది కదా! విడదీసి చూస్తే తెల్లని మగవాళ్ళ విషయంలో దాని తప్పులు సున్నా, నల్లని ఆడవాళ్ళ విషయంలో 20.8 శాతం. ఐబీఎం అయితే 34.7 శాతం తప్పింది. సగటు ఎంత దాచిపెడుతుందో చూడండి.

మరుసటి ఏడాది మరో పరిశోధకురాలు డెబొరా రాజీతో కలిసి మళ్ళీ కొలిస్తే, నల్లని ఆడవాళ్ళ విషయంలో మైక్రోసాఫ్ట్ తప్పులు 1.5 శాతానికి పడిపోయాయి. అంటే సరిచేయడం చేతకాక కాదు, అడిగినవాళ్ళు లేక. మొదటి పరీక్షలో లేని అమెజాన్ ఈసారి వాళ్ళ విషయంలోనే 31 శాతం తప్పి దొరికిపోయింది.

అయితే తప్పులు తగ్గితే చాలా? 2020 జనవరిలో డెట్రాయిట్ పోలీసులు ముఖ గుర్తింపు యంత్రం చెప్పిన తప్పు పోలికను నమ్మి ఒక నల్లజాతి వ్యక్తిని భార్యాపిల్లల ముందే అరెస్టు చేశారు. ఆ ఏడాది జూన్‌లో ఐబీఎం ముఖ గుర్తింపు వ్యాపారం నుంచి తప్పుకుంది; అమెజాన్ తన సాఫ్ట్‌వేర్‌ను పోలీసులకు ఇవ్వడం ఆపింది. ఇక యంత్రం అందరినీ సరిగ్గా గుర్తుపట్టే రోజొస్తే, ఊరంతటిపై నిఘా మరింత సులువు. హైదరాబాద్‌కీ ఈ గొడవ కొత్త కాదు. పోలీసులు ముఖ గుర్తింపు వాడటాన్ని సవాలు చేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంపై తెలంగాణ హైకోర్టు 2022 జనవరిలో ప్రభుత్వానికి నోటీసులిచ్చింది. ఏ చట్టం ప్రకారం వాడుతున్నారన్నది అందులోని ప్రశ్న.