ఆదివారం ఎవరిచ్చారు?



పోయిన వారం గాజువాకలో చదువుకుంటున్న ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, పద్నాలుగు గంటల పనిని ఎనిమిది గంటలకు తగ్గించింది అంబేడ్కరే కదా. క్లాసులో చెప్తే లెక్చరర్ ఒప్పుకోలేదు. ఆధారం పంపు" అని. అతనికి రాసిన జవాబే ఈ భాగం.

తమ్ముడూ, మీ లెక్చరర్‌తో గొడవపడకు. మనం ఫార్వర్డ్ చేసుకునే ఆ పోస్టులో లెక్క తప్పు. 1911 చట్టం బట్టల మిల్లుల్లో మగవాళ్లకు రోజుకు 12 గంటల హద్దు పెట్టింది. 1922లో ఫ్యాక్టరీల్లో రోజుకు 11 గంటలు, వారానికి 60. 1934లో ఏడాది పొడవునా నడిచే ఫ్యాక్టరీల్లో రోజుకు 10, వారానికి 54. 1946లో అది 9 గంటలు, వారానికి 48 అయింది. ఆ చివరి మెట్టు దగ్గర ఉన్నది బాబాసాహెబ్. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసింది ఆయనే. 48ని ఆరు రోజులకు పంచి చూడు, ఎనిమిది వస్తుంది. ఏడాది పనిచేసిన ఫ్యాక్టరీ కార్మికుడికి జీతంతో పది రోజుల సెలవు ఇచ్చిన 1945 సవరణ కూడా ఆయన హయాంలోదే. ఉన్న నిజమే ఇంత పెద్దది. దానికి మనం అబద్ధం కలపనక్కర్లేదు.

మరి ఆదివారం? దాని వెనక నారాయణ్ మేఘాజీ లోఖండే ఉన్నాడు. జోతిబా ఫూలే సహచరుడు, సత్యశోధకుడు. 1884లో బొంబాయి మిల్లు కార్మికుల్ని కూడగట్టి కొన్ని చిన్న కోరికలు ముందు పెట్టాడు. వాటిలో రెండు: వారానికొక సెలవు, మధ్యాహ్నం అరగంట విశ్రాంతి. ఆరేళ్లు పట్టింది. 1890 జూన్ 10న మిల్లు యజమానులు ఆదివారం సెలవుకు ఒప్పుకున్నారు. మరుసటి ఏడాది వారపు సెలవు చట్టంలోకెక్కింది. ఆదివారం ఏ దొరా దయతో ఇచ్చింది కాదు. ఒక శూద్ర కార్మిక నాయకుడు వెంటపడి సాధించింది.

విశ్రాంతి మీద బాబాసాహెబ్‌కు అంత పట్టింపు ఎందుకు? కాంగ్రెస్, గాంధీ అంటరానివాళ్లకు ఏం చేశారని నిలదీస్తూ 1945లో తెచ్చిన పుస్తకంలో ఆయన తీరిక గురించి వాదించాడు. పొట్ట కోసమే రోజంతా పోతే మనిషికి, పశువుకు తేడా ఉండదనీ, చదువూ ఆలోచనా పెరగాలంటే తీరిక కావాలనీ, అది కొందరికి కాదు అందరికీ దొరకాలనీ ఆయన మాట. యంత్రాన్ని ఆయన వద్దనకపోవడానికి కారణం ఇదే. వెట్టి చేసిన కులాలకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. మన తాతలకు భూమి లేకపోవడమే కాదు, పొద్దు కూడా సొంతం కాదు.

ఇప్పుడు మన ఊరికొద్దాం. విశాఖ ఓడరేవు 1933లో మొదలైంది. రేవు పని ఓడను బట్టి ఉంటుంది. ఓడొస్తే రాత్రీ పగలూ మోత, రాకపోతే కూలి లేదు. మా తాత కళాసీ. "ఖాళీగా కూర్చోడం విశ్రాంతి కాదురా, పస్తు" అనేవాడు. పనీ, కూలీ భద్రంగా ఉన్నవాడికే విశ్రాంతి. 1948లో డాక్ కార్మికుల చట్టం, దాని కింద 1959లో విశాఖకు ప్రత్యేక స్కీము వచ్చాయి. పేరు రిజిస్టర్‌లోకెక్కింది. తాత పేరు ఎక్కిన తర్వాతే మా నాన్న బడికెళ్లాడు.

ఉక్కు సంగతి ఇంకా తేటగా ఉంటుంది. బ్లాస్ట్ ఫర్నేస్‌కు ఆదివారం లేదు. ఏ, బీ, సీ మూడు షిఫ్టులు, వారానికి 21. మనిషి ఆరు షిఫ్టులే చేయాలి. అంటే ఒక్క పోస్టు నడవాలంటే మూడున్నర మంది కావాలి. ఆ సగం మనిషే కార్మికుడి వారపు సెలవు! రిటైరైనవాళ్ల స్థానంలో కొత్తవాళ్లను తీసుకోకపోతే ముందు మాయమయ్యేది ఆ సగమే. అప్పుడు మిగిలినవాడికి డబుల్ డ్యూటీ పడుతుంది. ఆ ఖాళీలో కాంట్రాక్టు మనిషిని పెడితే అక్కడ రిజర్వేషన్ ఉండదు. 2021 జనవరిలో కేంద్రం ఉక్కు ఫ్యాక్టరీ అమ్మకానికి సిద్ధపడ్డప్పుడు, కూర్మన్నపాలెం శిబిరంలో మనవాళ్లు కూర్చున్నది జీతం కోసమే కాదు. పోస్టు పోతే మన పిల్లల రిజర్వేషనూ పోతుంది, పక్కవాడి ఆదివారమూ పోతుంది.

ఆ ఆదివారంలో ఏముందో నాకు తెలుసు. మా పేటలో ఉక్కు ఫ్యాక్టరీలో చేసే ఒక పెద్దాయన, వీక్లీ ఆఫ్ ఏ రోజు పడితే ఆ రోజు సాయంత్రం కమ్యూనిటీ హాల్లో మాకు లెక్కలు చెప్పేవాడు. ఏప్రిల్ 14కు చందాలు రాసిందీ, ఆడపిల్లల పెళ్లి తగాదాలు తీర్చిందీ ఆయనే. ఎనిమిది గంటల పని చేసుకొచ్చి మిగిలిన పొద్దు మాకిచ్చాడు. మన సంఘాలు పుట్టింది ఇలాంటి పొద్దుల్లోనే.

కానీ మా అమ్మకు ఆ పొద్దు దొరకలేదు. ఒక కాంట్రాక్టర్ కింద బీచ్ రోడ్డు ఊడ్చేది. ఆదివారం సాయంత్రం ఊరంతా సముద్రానికొచ్చి సేదతీరేది. సోమవారం తెల్లవారుజామున ఆ సేదతీరినదంతా అమ్మ చీపురు కిందికొచ్చేది. జ్వరమొచ్చి మానేస్తే ఆ రోజు కూలి కోత. విశాఖలో ఈ పని తరతరాలుగా రెల్లి కులం మీద వేశారు. ఇంటికొస్తే మళ్లీ పొయ్యి, నీళ్లు. నాన్నకు షిఫ్టు దిగడమన్నది ఉండేది, అమ్మకు అదీ లేదు. ఈ మాట యాజమాన్యాలతో పాటు మనకూ తగులుతుంది.

2025 జూన్‌లో మన రాష్ట్ర క్యాబినెట్ ఫ్యాక్టరీల్లో రోజు పని హద్దును 9 నుంచి 10 గంటలకు పెంచడానికి ఒప్పుకుంది. ఐదు గంటల తర్వాత రావాల్సిన విరామాన్ని ఆరు గంటలకు జరిపింది. వారానికి 48 మారదన్నారు. లోఖండే 1884లో అడిగిన అరగంటను అలా వెనక్కి జరిపారు. ఇంకోపక్క "పనికీ జీవితానికీ సమతూకం పాటించండి" అని వీడియోల్లో సలహాలు. పొద్దున్నే ధ్యానం చేస్తే ఆ సగం మనిషి తిరిగొస్తాడా?

తమ్ముడూ, రెండు పనులు చెప్తాను. పోస్టు ఖాళీల గురించి మాట్లాడేటప్పుడు విశ్రాంతి మాట కూడా ఎత్తు. ఈ ఆదివారం మీటింగ్ పెట్టేముందు ఇంట్లో అమ్మ ఏం చేస్తోందో చూడు. పొయ్యి దగ్గరుంటే గరిట నువ్వు పట్టుకో. మీటింగ్ ఓ గంట ఆలస్యమైనా పర్లేదు, అమ్మను కూడా తీసుకురా.

జై భీమ్.