సోంపేట బీల బంజరా?

సోంపేట తీరంలో ఇసుక దిబ్బలకూ లోపలి మెరక పొలాలకూ మధ్య ఉన్న మంచినీటి పల్లమే బీల. మహేంద్రగిరి వైపు నుంచి దిగే వాననీరు సముద్రంలో కలిసేలోపు ఇక్కడ నిలుస్తుంది. దిబ్బలు అడ్డుగా ఉండటంతో ఉప్పునీరు లోపలికి రాదు, తీపినీరు ఒక్కసారిగా బయటికి పోదు. గొల్లగండి, పలాసపురం, బెంకిలి, జింకిభద్ర, రుషికుడ్డ ఊళ్ల బతుకు ఈ నీటి చుట్టూనే అల్లుకుంది.

2008లో రాష్ట్ర ప్రభుత్వం జీవో 1107 ద్వారా ఈ బీలలో సుమారు 970 ఎకరాలను థర్మల్ విద్యుత్ కేంద్రం కోసం నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీకి కేటాయించింది. ప్రతిపాదన 2,640 మెగావాట్లది. ఆ నేల ఎవరికీ పనికిరాని బంజరు అన్నదే ఆ కేటాయింపును సమర్థించినవారి ప్రధాన వాదన. ఇప్పటికీ కొన్ని రాతల్లో అదే మాట కనిపిస్తుంది కాబట్టి దాన్ని కాస్త నిదానంగా పరిశీలించాలి.

రెవెన్యూ లెక్కల్లో పట్టా లేనంత మాత్రాన నేలకు వాడకం లేనట్టు కాదు. బీలకు ఆధారం కాగితాల్లో కంటే నీటి అంచున ఎక్కువ దొరుకుతుంది. వానలు పడ్డాక పల్లం నిండితే కేవిటి మత్స్యకార కుటుంబాలు కొరమేను, జెల్ల పడతాయి. నీరు తగ్గేకొద్దీ గట్లు తేలి పచ్చిక వస్తుంది, చుట్టుపక్కల ఊళ్ల పశువులు అక్కడికే చేరతాయి. ఒడ్డున పెరిగే తుంగను కోసి, ఎండబెట్టి చాపలు అల్లుతారు. ఒకే జాగా ఏడాదిలో ఒకసారి చేపల చెరువు, మరోసారి మేత బీడు. కొలతకు వచ్చిన అధికారికి తాను వచ్చిన నెలలో ఉన్న రూపం ఒక్కటే కనిపిస్తుంది.

అన్నిటికంటే గట్టి సాక్ష్యం ప్రభుత్వం చేతిమీదుగా వచ్చినదే. ఈ బీల నీటిని పొలాలకు తోడేందుకు ఎత్తిపోతల పథకాలు పెట్టారు. ఒక శాఖ మోటార్లు పెట్టి వరికి నీరు తోడించిన చోటును మరో శాఖ బంజరు అనడం చెల్లదు. కంపెనీ వాదనను వల్లించిన వ్యాసకర్తలెవరూ ఈ ఎత్తిపోతల ప్రస్తావన తేకపోవడం పెద్ద లోపం.

బయటివారు వచ్చి జనాన్ని రెచ్చగొట్టారన్నది రెండో వాదన. అదీ నిలవదు. డాక్టర్ వై. కృష్ణమూర్తి ముందుండి నడిపిన పర్యావరణ పరిరక్షణ సంఘం సోంపేటలో పుట్టినదే. ఏళ్ల తరబడి సాగిన రిలే నిరాహార దీక్షల శిబిరంలో వంతులవారీగా కూర్చున్నది చుట్టుపక్కల రైతులు, మత్స్యకారులు, ఆడవాళ్లు. కేంద్ర ఇంధన శాఖ మాజీ కార్యదర్శి ఇ.ఎ.ఎస్. శర్మ వంటి వారి మద్దతు విలువైనదే గానీ, పోరాటం వేళ్లు ఈ ఊళ్లలోనే ఉన్నాయి.

2010 జూలై 14న కంపెనీ పనులు మొదలుపెట్టబోగా జనం అడ్డుకున్నారు. పోలీసు కాల్పుల్లో స్థానికులు ప్రాణాలు కోల్పోయారు. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ ఈ ప్రాజెక్టుకు అంతకుముందు లభించిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. బీలను చిత్తడి నేలగా గుర్తించడమే ఆ తీర్పుకు ఆయువుపట్టు. తీర్పు వచ్చేదాకా పనులు ఆపి ఉంటే ఆ ప్రాణాలు దక్కేవి. ఆ రోజును కేవలం శాంతిభద్రతల ఘటనగా రాసినవారు ఈ సంగతిని పట్టించుకోలేదు.

ఏడాది తిరగకుండానే, 2011 ఫిబ్రవరి 28న, సంతబొమ్మాళి మండలం కాకరాపల్లిలో మరో థర్మల్ కేంద్రంపై పోరాటంలోనూ కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. అక్కడిదీ తంపర భూమి, అంటే ఇలాంటి చిత్తడి నేలే. వలస పక్షుల తేలినీలాపురం దానికి దగ్గరే. సరిగ్గా కాకరాపల్లి గొడవకు నెల ముందు, 2011 జనవరిలో, జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఊరుమ్మడి భూములను అన్యాక్రాంతం చేయడాన్ని తప్పుపట్టింది. సోంపేట వాళ్లు అంతకుముందు నుంచీ చెబుతున్నది అదే.

2015లో ప్రభుత్వం థర్మల్ కేంద్రం ఆలోచనను విరమించుకుంది. అయితే ఆ భూమిలో ఇతర పరిశ్రమలు పెట్టాలన్న మాట మాత్రం ఆగలేదు. అందుకే బంజరు వాదనకు జవాబు చెప్పవలసిన పని ఇంకా మిగిలే ఉంది.

ఉద్యమానికి మద్దతుగా వచ్చిన రచనల్లోనూ ఒక లోటు ఉంది. చాలావరకు అవి 2008తో మొదలై కాల్పుల దగ్గర ఆగిపోతాయి. అంతకుముందు తరాల బీల వాటిలో లేదు. ఏ ఊరి పశువులు ఏ గట్టున మేసేవి, వలల వంతు ఎలా పంచుకునేవారు, కరువు ఏడాది నీరు ఎవరికి ముందు దక్కేది వంటి సంగతులు పెద్దల నోటిలోనే ఉన్నాయి. సోంపేట, కవిటి, కంచిలి మండలాల్లో చదువుకున్న యువత ఆ పెద్దలు ఉండగానే వారి మాటలను ఊరి పేరు, గట్టు పేరుతో సహా రాసి పెట్టాలి.