కౌలు తోటలో చెర్రీ పూలు

ఉగాదికి ముందు శనివారం శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళి, గోల్డెన్ గేట్ పార్కులోని జాపనీస్ టీ గార్డెన్‌లో చెర్రీ పూలు చూసొచ్చాం. పూలు చూసింది గంట, పార్కింగ్ కోసం తిరిగింది ముప్పావుగంట. ఫోటోలు మాత్రం బోలెడు తీశాం.

రాత్రి తర్లుపాడుకి ఫోన్ చేసి మా అమ్మకి ఆ ఫోటోలు చూపించా. "కాయలేమన్నా కాస్తయ్యా?" అంది. కాయవమ్మా, ఇవి చూడ్డానికే అన్నా. "మరి నల్లమలలో మోదుగులు పూస్తే ఎవురూ టిక్కెట్టు పెట్టరే" అని నవ్వింది. తర్వాత అడిగింది, "ఇంతకీ ఆ తోట ఎవురిది?" సిటీ వాళ్ళదన్నా. "నాటిందెవురు?"

నా దగ్గర జవాబు లేదు. పుష్కరం పైగా బే ఏరియాలో ఉంటూ, నాలుగుసార్లు ఆ తోటకి వెళ్ళినవాణ్ణి. ఆ రాత్రే కూర్చుని చదివా.

1894లో అక్కడ ఓ అంతర్జాతీయ ఎగ్జిబిషన్ జరిగింది. అందులో ఒక భాగం జపాన్ పల్లె. పిల్లలు ఎక్కి దిగే ఆ గుండ్రటి వంపు వంతెన అప్పటిదే. ఎగ్జిబిషన్ అయిపోయాక మకోటో హగివారా అనే జపాన్ ఆయన పార్కు అధికారుల్ని ఒప్పించి, దాన్ని శాశ్వతమైన తోటగా మార్చే పని నెత్తిన వేసుకున్నాడు. ఎకరం చోటు ఆయన చేతిలో ఐదెకరాలకు పెరిగింది. సొంత డబ్బు పోసి జపాన్ నుంచి మొక్కలు, చేపలు, పక్షులు తెప్పించాడు. కుటుంబంతో సహా తోటలోనే కాపురం. మధ్యలో 1900 నుంచి 1907 దాకా బయటికి పంపేస్తే, ఊరుకోకుండా పక్కనే ఇంకో టీ గార్డెన్ పెట్టుకుని నడిపాడు. మళ్ళీ పిలిస్తే మళ్ళీ వచ్చాడు. 1925లో ఆయన పోయాక కూతురూ, ఆమె పిల్లలూ తోటను చూసుకున్నారు.

1941 డిసెంబర్ 7న పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి. 1942 ఫిబ్రవరి 19న రూజ్వెల్ట్ సంతకం చేసిన 9066 నంబరు ఉత్తర్వుతో దాదాపు 1,20,000 మంది జపాన్ సంతతి వాళ్ళని నిర్బంధ శిబిరాలకు తరలించారు. వాళ్ళలో మూడింట రెండొంతుల మంది అమెరికాలో పుట్టిన పౌరులే. హగివారా కుటుంబమూ తోట వదలాల్సి వచ్చింది. వాళ్ళ ఇల్లు పడగొట్టారు. తోటకి 'ఓరియంటల్ టీ గార్డెన్' అని పేరు మార్చారు. పాత పేరు తిరిగొచ్చింది 1952లో. వాళ్ళు పెంచిన మరుగుజ్జు చెట్లు కొన్ని చేతులు మారి 1960ల్లో మళ్ళీ తోటకే చేరాయి. ఆ కుటుంబం మాత్రం తోటలో కాపురానికి తిరిగి రాలేదు.

తర్లుపాడు భాషలో చెప్పాలంటే ఇది కౌలు. కౌలు చేలో ఎవరైనా ఎరువు వేస్తారు, మందు కొడతారు. చెరువుమట్టి తోలడానికి మాత్రం వెనకాడతారు, ఎందుకంటే ఆ సారం వచ్చే ఏడు ఎవరికి దక్కుతుందో తెలీదు. ఇక చెట్లు నాటడమా, ఆ మాటే లేదు. హగివారా చెట్లు నాటాడు.

ఆయన ఏమీ తెలియనివాడనుకోకండి. 1913లో కాలిఫోర్నియా చేసిన చట్టం ప్రకారం, పౌరసత్వానికి అర్హత లేని విదేశీయులు వ్యవసాయ భూమి కొనకూడదు. జపాన్ వాళ్ళకి ఆ అర్హత లేదని 1922లో ఒజావా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. "అది వాళ్ళ గొడవ, మనకేంటి?" అంటారా? 1923లో అదే కోర్టు భగత్ సింగ్ థింద్ కేసులో మనవాళ్ళకీ లేదంది. మన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో అడుగుపెట్టింది ఆ రోజుల్లోనే. ఎన్ని మందులు కనిపెట్టినా, 1948లో పోయేనాటికి ఆయన అమెరికా పౌరుడు కాదు. మనకి ఆ తలుపు 1946లో తెరుచుకుంది, జపాన్ వాళ్ళకి 1952లో.

1988లో ప్రభుత్వం చట్టం చేసి క్షమాపణ చెప్పింది. శిబిరాల్లో ఉండి, అప్పటికి బతికున్న ఒక్కొక్కరికీ 20,000 డాలర్లు ఇచ్చారు. తోట పక్క రోడ్డుకి ఇప్పుడు హగివారా పేరే. 1974 నాటి ఫలకం కూడా ఒకటుంది. చేసింది రూత్ అసావా, చిన్నప్పుడు తనూ శిబిరంలో గడిపిన శిల్పి. నాలుగుసార్లూ నేను చదవకుండా దాటిపోయింది దాన్నే.

గ్రీన్‌కార్డు క్యూలో ఉన్న మన కష్టాన్ని శిబిరాలతో పోల్చడం లేదు, అది అన్యాయం. మనకి జీతాలున్నాయి, తిరిగి వెళ్ళడానికి ఊళ్ళున్నాయి. కానీ "ఎలాగూ మనది కాదు కదా" అని ఏ పనీ మొదలుపెట్టకుండా ఏళ్ళు గడిపేసేవాళ్ళు మనలో చాలామందే. నేనూ అంతే. వీసా సంగతి తేలాక నేలలో పెడదామని ఆరేళ్ళుగా కరివేపాకు మొక్కని కుండీలోనే ఉంచా. వేళ్ళు అడుగున చిల్లుల్లోంచి బయటికొచ్చేశాయి.

మర్నాడు అమ్మకి ఈ కథంతా చెప్పా. కాసేపు ఏమీ మాట్లాడలా.

"పూలైతే బానే పూసినయ్యి గదరా" అంది.

వచ్చే ఆదివారం పార కొనాలి.